సింహాసనపు మోటారు, చెరకుబండి: ఏడవ నిజాము జీవితము

మన నిజామాబాదు జిల్లాలో ఏడవ నిజాము పేరు ఎరుగనివారు లేరు. పట్టణము పేరు నిజామాబాదు. మన పొలములకు నీరిచ్చిన జలాశయము పేరు నిజాంసాగరు. బోధనులో చెరకు గానుగాడిన మిల్లు పేరు నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆ ప్రభువును కండ్లార చూచినవారు నేడు మిక్కిలి అరుదు. ఆయనను గూర్చి మన ఊళ్లలో రెండు తీరుల కథలు మిగిలియున్నవి. నీరిచ్చిన దొర అని కొందరును, నోరు నొక్కిన దొర అని కొందరును చెప్పుదురు. ఈ రెండు కథలును నిజమే. రెంటిని కలిపి చదువని యెడల ఆయన చరిత్రము సగమే తెలిసినట్లగును. మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున ఆ జీవితమును మొదటినుండి తుదివరకు సంగ్రహముగా చెప్పుట ఉచితమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆయన ఇంటివారి మోటారు బండి యొకటి అనేక సంవత్సరములు మూలబడియుండి మరల వెలుగు చూచినది. దాని కథయు ఇందులో వచ్చును. ఏలయన ఆ బండి చరిత్రము ఆ వంశపు చరిత్రముతో పెనవేసికొనియున్నది.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ నెలలో హైదరాబాదునందు జన్మించెను. తండ్రి ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీ ఖాన్. ప్రజలు మహబూబును ప్రేమతో మహబూబ్ పాషా అని పిలిచెడివారు. ఆయన వేటయందును, వేడుకలయందును, దానధర్మములయందును చేయి వెనుకకు తీయని ప్రభువు. కుమారుని స్వభావము ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఉస్మాన్ అలీ చిన్ననాటినుండి చదువునందు శ్రద్ధగలవాడు. బ్రయన్ ఎజర్టన్ అను ఆంగ్లేయుని యొద్ద ఇంగ్లీషు నేర్చెను. ఉర్దూ, ఫారసీ భాషలను గురువులయొద్ద అభ్యసించి, ఆ భాషలలో ఉస్మాన్ అను నామముతో కవిత్వము చెప్పెను. లెక్కలు చూచుటయందును, పైసను పట్టి ఉంచుటయందును ఆయనకు సాటివచ్చువారు లేరని పేరు వచ్చెను.

మన పట్టణమునకు నేటి పేరు వచ్చినది తండ్రి కాలముననే. పూర్వము ఇందూరు అని పిలువబడిన ఊరు 1905లో నిజామాబాదు అయ్యెను. సికిందరాబాదునుండి మన్మాడునకు పోవు రైలుమార్గము అంతకు కొలది సంవత్సరములకు ముందే ఈ ఊరిమీదుగా పడియుండెను. అయినను పాతవారి నోట ఇందూరు అను పేరు చెడలేదు, నేటికిని చెడలేదు.

మహబూబ్ పాషా తన చివరి దినములలో ఇంగ్లండునుండి ఒక మోటారు బండి తెప్పింప దలచెను. రోల్స్ రాయిస్ అను కంపెనీవారు ఆ కాలమున సిల్వర్ గోస్ట్ అను పేరుగల బండిని చేయుచుండిరి. 1907లో ఆ తరహా బండి యొకటి పదునాలుగువేల మైళ్లకు పైగా పరీక్షార్థము నడిచి ప్రపంచమున పేరు సంపాదించెను. దాని యంత్రమునకు ఆరు సిలిండర్లు. ఇంత పెద్ద యంత్రమయ్యును అది నడచునపుడు చప్పుడు వినబడదని ప్రసిద్ధి. రజతమువలె మెరయుచు నీడవలె నిశ్శబ్దముగా సాగుటచేతనే ఆ పేరు వచ్చినది.

ఆ దినములలో మోటారు కొనుట నేటివలె ఉండెడిది కాదు. కంపెనీవారు యంత్రమును, చట్రమును, చక్రములను మాత్రమే చేసి ఇచ్చెడివారు. పైనుండు పెట్టెను గుర్రపుబండ్లు చేయు వంశముల పనివారు కొనువాని కోరిక ననుసరించి కట్టెడివారు. నిజాము బండికి పెట్టెను కట్టినవారు లండనులోని బార్కర్ కంపెనీవారు. ఆసఫ్‌జాహీ వంశమునకు పసుపుపచ్చ వన్నె రాజచిహ్నము. వారి జెండాయు పసుపుపచ్చనిదే. కావున బండికి పసుపురంగు వేసిరి. పైకప్పును గుమ్మటమువలె తీర్చిరి. వెనుకనున్న ఆసనమును సింహాసనమువలె ఎత్తుగా అమర్చి జరీ పనిచే అలంకరించిరి. అంబారీ కట్టిన ఏనుగుమీద కూర్చుండిన ప్రభువును ప్రజలు ఎట్లు దూరమునుండియే చూడగలుగుదురో, ఈ బండిలో కూర్చుండిన ప్రభువును అట్లే చూడవలెనని వారి ఉద్దేశము. అనగా ఏనుగు చేయు పనిని ఇనుపయంత్రముచే చేయించుటకై దానిని చేసిరి.

కాని బండి రాకమునుపే తెప్పించినవాడు వెళ్లిపోయెను. మహబూబ్ పాషా 1911 ఆగస్టు 29వ తేదీన మరణించెను. తండ్రి కోరి చేయించిన బండి కుమారునకు దక్కెను. ఇరువదియైదేండ్ల యువకుడైన ఉస్మాన్ అలీ గద్దెనెక్కెను. నాటి హైదరాబాదు సంస్థానము ఎనుబదివేల చదరపు మైళ్లకు మించిన దేశము. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతములు అందు కలవు. ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారే.

క్రొత్త నిజాము ఆ సింహాసనపు బండిని దినచర్యకు వాడలేదు. గొప్ప ఉత్సవములకును, ఊరేగింపులకును మాత్రమే అది బయటికి వచ్చెడిది. ముప్పదియైదేండ్లు గడచినను అది తిరిగిన మైళ్లను వందలలోనే లెక్కింపవచ్చును. సాధారణ దినములలో ఆయన పాత బండిలో పోయెడివాడు. మాసిన షేర్వానీ, పాతబడిన టోపీ ధరించి కింగు కోఠీ భవనమున నిరాడంబరముగా జీవించెను. తండ్రి కొనిపెట్టిపోయిన జేకబ్ వజ్రమును బూటులోపల దొరకబుచ్చుకొని, కాగితములు ఎగిరిపోకుండ వానిమీద బరువుగా పెట్టుకొనెనని చెప్పుదురు. ఆ వజ్రము 184 కారట్లకు పైబడినది. 1937లో అమెరికాలోని టైం పత్రిక ఆయన చిత్రమును అట్టమీద ముద్రించి లోకములోకెల్ల గొప్ప ధనికుడని ప్రకటించెను. ధనమున్నవాడు అనుభవింపకుండుట గుణమా, దోషమా అని జనులు నాడును వాదించిరి. కాని రాజు సొంతమునకు వ్యయము చేయకుండుట వేరు. రాజ్యమునకు వ్యయము చేయుట వేరు. రెండవ విషయమున ఉస్మాన్ అలీ లోభి అనుటకు వీలులేదు.

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనియుండెను. క్రొత్త నిజాము పాలనలో మూసీమీద ఉస్మాన్‌సాగరు 1920 నాటికిని, ఈసీనదిమీద హిమాయత్‌సాగరు 1927 నాటికిని పూర్తియయ్యెను. వరద భయమును తగ్గించి త్రాగునీటిని ఇచ్చినవి ఈ రెండును. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడెను. హైకోర్టు భవనము, ఉస్మానియా ఆసుపత్రి మూసీ ఒడ్డున లేచెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమయ్యెను. ఇంగ్లీషు కాక ఒక దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయము అదియే. వైద్యమును, ఇంజనీరింగును ఉర్దూలో బోధించుటకై తర్జుమాశాఖ యొకటి ఏర్పడి వందలకొలది గ్రంథములను అనువదించెను. ఇది కీర్తించదగిన కార్యమే. అయినను ఆ దేశభాష ప్రజలలో అధికసంఖ్యాకులకు మాతృభాష కాదు. దీని ఫలితమును ముందు చెప్పుదుము.

ఇక మన జిల్లాకు వచ్చుదము. మంజీరానది బాలాఘాటు కొండలలో పుట్టి, మెదకు జిల్లాను దాటి మన ప్రాంతమునకు వచ్చి గోదావరిలో కలియును. ఆ నీరు ఏటేట వృథాగా పోవుచుండెడిది. ఊళ్లలో చెరువులున్నను వాన తప్పిన యేడు అవి ఎండెడివి. అచ్చంపేట, బంజేపల్లి గ్రామములయొద్ద మంజీరాకు అడ్డముగా ఆనకట్ట కట్టించుటకు నిర్ణయించి 1923లో పని మొదలుపెట్టిరి. 1931లో అది పూర్తియయ్యెను. దీనికి రూపము కల్పించినవాడు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన హైదరాబాదులోనే పుట్టి, ఇంగ్లండులో ఇంజనీరింగు చదివివచ్చిన ప్రతిభాశాలి. ఆయన పుట్టినరోజైన జులై 11వ తేదీని తెలంగాణ ప్రభుత్వము ఇంజనీర్ల దినముగా పాటించుచున్నది.

నిజాంసాగరు మొదట దాదాపు 30 టి.ఎం.సీల నీటిని పట్టునట్లు కట్టబడెను. 2,75,000 ఎకరములకు నీరిచ్చుట దాని లక్ష్యము. ప్రధాన కాలువ నూరు మైళ్ల దాపున సాగి బాన్సువాడ, బోధను, నిజామాబాదు, ఆర్మూరు ప్రాంతముల వైపు నీటిని చేర్చెను. జొన్న పండిన నేలలో వరి పండెను. క్రొత్త నీరు వచ్చినదని విని కోస్తా జిల్లాలనుండి రైతులు కుటుంబములతో వచ్చి భూములు కొని స్థిరపడిరి. వారు దిగిన చోటులు క్యాంపులని పేరుపొంది, నేటికిని మన జిల్లాలో ఆ పేరులతోనే ఊళ్లుగా నిలిచియున్నవి. మొదట వారిని వింతగా చూచిన స్థానికులు కొలదికాలమునకే నాట్లలోను, ఎరువులలోను వారి పద్ధతులను అలవరచుకొనిరి. వారును మన మాటను, మన పండుగలను అలవరచుకొనిరి. అయితే జలాశయము క్రింద మునిగిన గ్రామములవారు తమ ఇండ్లను, పొలములను విడిచి పోవలసివచ్చెను. వారి త్యాగమును పేరుపెట్టి తలచినవారు తక్కువ.

నీరు నిలుకడగా దొరకినపిమ్మట చెరకు వచ్చెను. చెరకు ఏడాది పొడుగున నేలలో ఉండి నీరు త్రాగు పైరు. కాలువ లేనిచో దానిని నమ్ముకొనుట కష్టము. మునుపు రైతులు గానుగలాడి బెల్లము వండెడివారు. పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చుటకై నిజాము ప్రభుత్వము 1929లో పారిశ్రామిక నిధిని ఏర్పరచియుండెను. అట్టి ప్రోత్సాహముతో 1937లో బోధనునందు నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమయ్యెను. దాని చుట్టును వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు. జానకంపేటనుండి బోధనుకు రైలుశాఖ పడెను. కంపెనీకి వేలకొలది ఎకరముల సొంత చెరకుతోటలు ఉండెడివి. ఆసియాఖండమునందే గొప్ప చక్కెర కర్మాగారములలో అది యొకటిగా పేరుపొందెను.

మిల్లు పనిచేయు తీరు మన పెద్దలకు తెలిసినదే, పిల్లలకొరకు చెప్పుచున్నాము. నరికిన చెరకు ఎంత త్వరగా మిల్లు చేరిన అంత మేలు; ఆలసించినచో అందలి తీపి తరిగిపోవును. కాటామీద తూచిన చెరకును ముక్కలుచేసి ఇనుప రోలర్లమధ్య పిండుదురు. రసమునకు సున్నము చేర్చి మడ్డిని విడదీసి, కాచి చిక్కబరచి, స్ఫటికములు కట్టించి, వేగముగా తిరుగు గిన్నెలలో వేసి చక్కెరను వేరుచేయుదురు. పిండగా మిగిలిన పిప్పి బాయిలర్లకు వంటచెరకగును. నూరు బస్తాల చెరకునకు పది బస్తాల చక్కెర వచ్చిన మంచి ఫలితమని లెక్క. చక్కెర కట్టక మిగిలిన నల్లని పాకమును పులియబెట్టి ఆల్కహాలు తీయుదురు. మోటారులలో పెట్రోలుతో కలిపి వాడదగిన పవర్ ఆల్కహాలును కూడ బోధనులో తీసిరి. విచిత్రమేమన, నిజాము సింహాసనపు మోటారు పట్టణములో కదలక నిలిచియుండగా, మన రైతు తోలుకొనిపోయిన చెరకుబండి ఇతరుల మోటారులకు ఇంధనమును సమకూర్చెను.

ఏడవ నిజాము గద్దెనెక్కి ఇరువదియైదేండ్లు నిండినది 1936లో. ఐదవ జార్జి చక్రవర్తి ఆ యేడు మరణించుటచేత ఉత్సవములు 1937 ఫిబ్రవరికి మార్చబడెను. నగరమునందు జూబిలీ హాలు ఆ రజతోత్సవమునకు గురుతుగా నిలిచెను. నిజాంసాగరు పూర్తియయ్యెను, చక్కెర మిల్లు లేచుచుండెను, విశ్వవిద్యాలయమునకు గొప్ప భవనములు కట్టుచుండిరి. ఆయన ప్రాభవము ఉచ్చదశనందుకొన్నది అప్పుడే.

అదే 1937వ సంవత్సరమున మన నిజామాబాదు పట్టణములో వేరొక సభ జరిగెను. అది ఆరవ ఆంధ్రమహాసభ. అధ్యక్షులు మందుముల నరసింగరావుగారు. ఆ సభ ఏల అవసరమయ్యెనో గ్రహించిననే నిజాము చరిత్రములోని రెండవ భాగము బోధపడును. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో జరిగిన సంస్కరణసభయందు అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా కొందరు ఎగతాళి చేసి మాటలాడనీయరైరి. ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. తెలుగువారు తమ సొంత నేలమీద తమ భాషలో మాట్లాడుటకు సంకోచింపవలసివచ్చిన దినములవి. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. పట్వారీ లెక్కలోను, కోర్టు తీర్పులోను రైతుకు తన అదృష్టము తనకు అర్థము కాని లిపిలోనే ఉండెడిది.

సభ చేయవలెనన్న సర్కారు అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు బహిరంగసభలకు సంకెల వేసెను. పఠనాలయమును స్థాపించుటయు అధికారులకు అనుమానాస్పదమైన కార్యమయ్యెను. అయినను మన పెద్దలు వెనుదీయలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసియుండెను. వానిని చూచి ఊరూర చిన్న చిన్న గ్రంథాలయములు లేచెను. మాడపాటి హనుమంతరావుగారు ఈ ఉద్యమమునకు వెన్నెముకగా నిలిచిరి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులే లేరని ఎవరో అనగా, ఆయన 1934లో మూడువందల ఏబదిమందికి పైగా కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి సమాధానము చెప్పిరి. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను నెత్తిన మోసి ఊరూర తిరిగి అమ్మిరి. ఇప్పుడు మన గ్రంథాలయములో నిర్భయముగా బీరువా తెరచి ఇష్టమైన పుస్తకమును తీసికొను బాలుడు ఈ సంగతి ఎరిగియుండవలెను.

గ్రామములలో వెట్టిచాకిరి మరియొక వ్యథ. దేశముఖులు, జాగీర్దారులు, పటేలు పట్వారీలు పేదలచే కూలి లేకుండ పనిచేయించుకొనెడివారు. యుద్ధకాలమున లెవీ ధాన్యము పేర రైతు గాదెను ఊడ్చిరి. పన్నులు రాజునకు చేరునప్పటికి నడుమనున్నవారు రైతును రెండుమార్లు పిండెడివారు. వెట్టిని నిషేధించుచు ఫర్మానాలు వెలువడకపోలేదు. కాని అవి కాగితముమీదనే నిలిచెను. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియయ్యెను. నాటినుండి రైతుల సాయుధపోరాటము ప్రజ్వరిల్లెను.

1947లో ఆంగ్లేయులు వెడలిపోవుచుండగా, తాను స్వతంత్ర ప్రభువుగా ఉందునని నిజాము జూన్ నెలలో ప్రకటించెను. నలుదిక్కుల భారతదేశమే ఆవరించియున్న రాజ్యమునకు అది సాధ్యమా అని హితవు చెప్పినవారు లేకపోలేదు. వారి మాట చెవినబెట్టలేదు. నవంబరులో భారతప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక జరిగినను శాంతి కలుగలేదు. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకారులు ఊళ్లమీద పడి దోచిరి, కాల్చిరి, చంపిరి. వారి దౌర్జన్యమును ఖండించిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నగరవీధిలో నరికి చంపిరి. ఆయన ముస్లిము. కావున నాటి పోరాటమును రెండు మతముల పోరాటమని చెప్పుట చరిత్రమును తప్పుగా చదువుటయే. రజాకారులను అదుపుచేయవలసినవాడు ప్రభువు. ఆయన చేయలేదో, చేయజాలకపోయెనో కాని, ఆ దోషమునుండి ఆయన పేరు తప్పించుకొనజాలదు.

ఇందూరు ఖిల్లా ఆ దినములలో జైలుగా ఉండెను. దాశరథి కృష్ణమాచార్యులుగారును, వట్టికోట ఆళ్వారుస్వామిగారును అందు బందీలుగా ఉండిరి. కాగితము దొరకని దాశరథి పండ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గుతో జైలుగోడలమీద పద్యములు వ్రాసెను. కాపలావారు తుడిపివేసినను అవి తోటి ఖైదీల నోటికెక్కి బయటికి వచ్చెను. నిజాము నీరు పారుచున్న పొలముల నడుమనే నిజాము జైలును, అందు ప్రజల కవియును ఉండిరి. మన జిల్లావారు ఆ ఖిల్లాను ఎక్కి చూచునపుడు ఈ సంగతిని స్మరింపవలెను.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు సంస్థానములో ప్రవేశించెను. ఐదుదినములలో యుద్ధము ముగిసెను. 17వ తేదీన నిజాము ఓటమిని అంగీకరించి రేడియోలో ప్రకటించెను. ఆ కల్లోలమునందును, తరువాతను అమాయకులైన ముస్లిములు కూడ అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖమును విడిచి విజయమును మాత్రమే చెప్పుట ధర్మము కాదు.

ఓడిన ప్రభువు దేశము విడిచిపోలేదు. 1949లో తన సొంత ఖర్చులకై ఉండిన సర్ఫేఖాస్ భూములను ప్రభుత్వమునకు అప్పగించెను. 1950 జనవరి 26వ తేదీనుండి 1956 అక్టోబరు 31వ తేదీవరకు హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖుడుగా ఉండి, ప్రజలు ఎన్నుకొన్న మంత్రులచే ప్రమాణస్వీకారము చేయించెను. ఒకప్పుడు సభకు అనుమతికై ఎదురుచూచిన బూర్గుల రామకృష్ణారావుగారు 1952లో ముఖ్యమంత్రి అయిరి. కాలము తెచ్చిన మార్పు ఎంతటిదో దీనివలన తెలియును. నిజాము తన ధనమును కుటుంబమునకును, ధర్మకార్యములకును వేరువేరు ట్రస్టులుగా ఏర్పరచెను. 1965లో దేశరక్షణకై వేలకిలోల బంగారమును ఉచితముగా ఇచ్చెనని జనులు చెప్పుకొందురు. వాస్తవమునకు ఆయన 425 కిలోల బంగారమును వడ్డీ వచ్చు జాతీయరక్షణ స్వర్ణపత్రములలో పెట్టెను. అది చిన్న సాయము కాదు. అయినను ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయే ఆయనకు గౌరవము. 1967 ఫిబ్రవరి 24వ తేదీన కింగు కోఠీలో ఆయన కన్నుమూసెను. అంత్యయాత్రకు లక్షలాది జనులు వచ్చిరి. తన కోరిక ననుసరించి భవనమునకు ఎదుటనున్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంత ఆయనను ఖననము చేసిరి.

ఇక ఆ మోటారు సంగతి. ఉస్మాన్ అలీ తన కుమారులను కాదని మనుమడైన ముకర్రం జాను వారసునిగా నిర్ణయించియుండెను. 1971లో రాజభరణములు రద్దయ్యెను. వేలమంది పరివారము, పన్నులు, వారసుల వ్యాజ్యములు ఆ మనుమని చుట్టుముట్టగా ఆయన ఆస్ట్రేలియాకు పోయి గొఱ్ఱెల పెంపకమునకు పూనుకొనెను. ప్రాసాదములకు తాళములు పడెను. గోడలు కారెను, తివాచీలు చివికెను, సామగ్రి కొంత చేతులు మారెను. మోటారుఖానాలో నిలిచిన బండ్లపై దుమ్ము పేరుకొనెను. చక్రముల గాలి పోయెను, తోలు పగిలెను, ఇనుము తుప్పుపట్టెను. ఒకనాడు నగరవీధులలో జనులు వరుసలు కట్టి చూచిన పసుపుపచ్చని బండిని కొన్ని దశాబ్దులపాటు చూచినవారు లేరు.

ముకర్రం జా మొదటి భార్యయు, టర్కీ దేశీయురాలునైన ఎస్రా రాణి కొంతకాలమునకు తిరిగివచ్చి, ఆస్తుల చిక్కులను విప్పుటకును, ప్రాసాదములను బాగుచేయుటకును పూనుకొనెను. చౌమహల్లా ప్రాసాదము మరమ్మతులు పొంది 2005లో ప్రజలకు తెరువబడెను; 2010లో యునెస్కో సంస్థవారి పురస్కారమును పొందెను. సింహాసనపు మోటారును గూడ నిపుణులచే బాగుచేయించి తక్కిన పాత బండ్లతోపాటు అక్కడ నిలిపిరి. ముత్తాత కోరినది, తాత ఎక్కినది, మనుమడు విడిచినది, ఆ మనుమని యింటి కోడలు వెలికితీసినది. టికెట్టు కొన్న ఎవరైనను నేడు దానిని దగ్గరనుండి చూడవచ్చును. ప్రభువును దూరమునుండి చూచుటకై చేసిన బండిని రైతుబిడ్డ చేరువకు పోయి చూచుచున్నాడు. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబూలునందు మరణించగా, ఆయన దేహమును హైదరాబాదునకు తెచ్చి మక్కా మసీదులో పూర్వుల చెంత ఖననము చేసిరి.

బండి బాగుపడినది, మిల్లు సంగతి అట్లు కాలేదు. 2002లో నిజాం షుగర్స్ ప్రైవేటువారి భాగస్వామ్యములోనికి పోయెను. 2015 చివర బోధను మిల్లు మూతపడెను. పనివారు వీధిన పడిరి. చెరకు వేసినవారు దూరపు మిల్లులకు తోలుకొనిపోవలసివచ్చెను, లేదా వరికి మరలిరి. నిజాంసాగరునందును పూడిక చేరి నీరు పట్టు శక్తి తగ్గెను. ఎగువను సింగూరు జలాశయము వెలసినపిమ్మట రాక తగ్గెను. ఒక్క ప్రభువు పేరు పెట్టుకొన్న మూడు వస్తువులలో గాజుగదిలో ఉన్నది చెక్కుచెదరక మెరయుచుండగా, జనులకు అన్నము పెట్టిన రెండును క్షీణించుట మనము ఆలోచింపవలసిన విషయము. అలంకారమునకై చేసిన వస్తువును బాగుచేయుటకు ఒక కుటుంబము చాలును. పదిమంది పొట్టనింపు వస్తువును బాగుచేయుటకు పదిమందియు పూనుకొనవలెను. అందరిది గనుక ఎవరిదియు కాకపోవుట దాని దురదృష్టము.

ఏడవ నిజాము నీరిచ్చెను, మిల్లునిచ్చెను, విశ్వవిద్యాలయమునిచ్చెను. ప్రజల మాటకు విలువనిచ్చుట మాత్రము ఆయనకు చేతకాలేదు. ఆ లోపమే ఆయన సింహాసనమును తీసికొనిపోయెను. ఇచ్చినదానికి కృతజ్ఞత, ఇయ్యనిదానికి జ్ఞాపకము, రెండును మనకు ఉండవలెను. ఒకటి మరచిన కృతఘ్నులమగుదుము. రెండవది మరచిన మరల మోసపోవుదుము.

చదువరులారా! ముప్పదియైదేండ్లలో కొన్ని వందల మైళ్లకంటె ఎక్కువ తిరుగని మోటారు చూచుటకు అందముగా ఉండవచ్చును. గ్రంథాలయము అట్టిది కాకూడదు. బీరువాలో నలుగక మెరయు పుస్తకముకంటె, అట్ట చిరిగి మరల అతుకబడి, పది ఇండ్లు తిరిగివచ్చిన పుస్తకమే మన సంస్థకు కీర్తి. పూర్వులు అనుమతులకై కచేరీల మెట్లెక్కి, జైలుగోడలపై వ్రాసి మనకు సంపాదించియిచ్చిన ఈ హక్కును దినదినము వాడుకొందము. రాబోవు ఇరువదియైదేండ్లలోను ఈ గ్రంథాలయము ఊరి చెరకుబండివలె ఆగక నడచుగాక!